ఒక ఖోలీలో తప్పు, చాల్ మొత్తానికి తాళం

ముంబై కామాఠీపుర పేరును మరాఠీవాళ్లు ఒత్తు ఠ తో రాస్తారు, అలాగే పలుకుతారు. ఆ పేరుకు మూలమైన తెలుగు మాట కామాటిలో ఉన్నది మామూలు ట. కాయకష్టం చేసి బతికేవాడు కామాటి. తెలుగు నేలను, ముఖ్యంగా నిజాం రాజ్యంలోని పల్లెలను వదిలి బొంబాయికి వచ్చి రాళ్లెత్తిన కూలీల పేరు మీదే ఆ పేట నిలిచింది.

ఒక దృశ్యం ఊహించుకుందాం. ఆ గల్లీల్లో పుట్టి పెరిగిన ఒక అమ్మాయి ఫోనులో తెలుగు వికీపీడియా తెరిచి, పేట పేరులో ఠ తీసి ట పెట్టింది. మరాఠీ ఆమెకు బడి భాష, అక్కడికీ వెళ్లి అదే మార్పు చేసింది. హిందీలోనూ చేసింది. ఇంగ్లీషులో ‘హెచ్’ అక్షరం కొట్టేసింది. పది నిమిషాల్లో నాలుగు భాషలు. ఆధారం ఒక్కటీ చూపలేదు, ఖాతా తెరవలేదు. ఈ నాలుగు మార్పులూ ఎక్కడో ఐరోపాలో కూర్చుని కాపలా కాస్తున్న ఒక స్వచ్ఛంద కార్యకర్త తెర మీద ఒకదాని కింద ఒకటి వచ్చి పడతాయి. వాటిలో మూడు భాషలు అతనికి చదవడం రాదు. అతనికి అక్షరం కనిపించదు, నడవడిక కనిపిస్తుంది. ఊరూరూ తిరిగి గోడల మీద పిచ్చిరాతలు రాసేవాడి నడవడికా అచ్చం ఇలాగే ఉంటుంది.

ఆ అమ్మాయి తెలుగులో చేసిన మార్పు వాదించి నిలబెట్టుకోదగ్గది. మరాఠీలో చేసినది తప్పు. మరాఠీలో ఆ పేరు ఎలా ఉండాలో మరాఠీ వాడుకే చెప్పాలి. కానీ తప్పు వేరు, దుశ్చర్య వేరు. ఈ రెంటి మధ్య గీత ఎవరు గీయాలి, ఏ భాష తెలిసినవాళ్లు గీయాలి, ఒకచోట గీసిన గీత మిగతా చోట్ల చెల్లుతుందా అన్నది వికీ సముదాయాల్లో ఏళ్ల తరబడి నలుగుతున్న చర్చ. అందులో వాదాలు ఒకదానిలో ఒకటి చిక్కుకుపోయాయి. వాటిని విడదీసి చూడడమే ఈ సమీక్ష పని.

తాళంచెవి ఒక్కటయ్యాక

వికీపీడియా 2001 జనవరిలో ఇంగ్లీషులో మొదలైంది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో పుట్టింది. మొదటి ఏళ్లలో ఏ భాష వికీ ఆ భాషదే. ఒకే మనిషి తెలుగులో ఒక ఖాతా, ఇంగ్లీషులో మరొక ఖాతా తెరవాల్సి వచ్చేది. శిక్షలూ అంతే. ఇంగ్లీషులో నిరోధం పడ్డ మనిషి తెలుగులోకి వస్తే ఇక్కడ అతను కొత్తవాడే.

ఆ ఏర్పాటు దుశ్చర్యలు చేసేవాళ్లకు బాగా కలిసొచ్చింది. పెద్ద వికీల్లో నిమిషాల్లో పట్టుబడేవాళ్లు చిన్న వికీల బాట పట్టారు. రాత్రి ఒంటిగంటకు తెలుగు వికీ ‘ఇటీవలి మార్పులు’ పేజీని చూసే నిర్వాహకులు ఎంతమంది ఉంటారు? ఇంకా చిన్న భాషలకు ఎవరుంటారు? అక్కడ చెరిపేసిన పేజీ తెల్లారేదాకా, ఒక్కోసారి నెలల తరబడి, అలాగే ఉండిపోయేది.

2004లో స్టీవార్డులు అనే వ్యవస్థ వచ్చింది. అన్ని భాషల వికీల్లోనూ అధికారం ఉండే స్వచ్ఛంద కార్యకర్తలు వీళ్లు. ఏటా ఎన్నికలు జరుగుతాయి. గెలవాలంటే కనీసం 30 అనుకూల ఓట్లు, 80 శాతం మద్దతు కావాలి. 2008 నుంచి ఒకే ఖాతాతో అన్ని వికీల్లోకి ప్రవేశించే పద్ధతి మొదలై 2015లో పూర్తయింది. ఆ క్రమంలోనే ఒక్క మీటతో అన్ని వికీల్లోనూ నిరోధించే సాధనాలు స్టీవార్డుల చేతికొచ్చాయి. అన్ని ఇళ్లకూ తాళంచెవి ఒక్కటైన రోజునే అన్ని ఇళ్లకూ ఒకేసారి తాళం వేసే వీలూ వచ్చింది. మొదటిది కావాలని అందరూ అడిగారు. రెండోది దాని వెంటే వచ్చింది. దాని గురించి జరగాల్సిన చర్చ మాత్రం చాలా ఆలస్యంగా మొదలైంది.

నిరోధాల్లో రకాలు

చర్చ చిక్కుపడడానికి మొదటి కారణం, వేర్వేరు శిక్షలను అందరూ ‘బ్లాక్’ అనే ఒక్క మాటతో పిలవడం. తెలుగు వికీ చర్చావేదిక అయిన రచ్చబండలో ఒకరు ‘నన్ను బ్లాక్ చేశారు’ అని రాస్తే, ఏ బ్లాకో తెలిసేదాకా జవాబు చెప్పడం కుదరదు.

స్థానిక నిరోధం ఒక వికీకే పరిమితం. విధించేది ఆ భాష నిర్వాహకులు, కారణం రాసేదీ ఆ భాషలోనే. మామూలుగా నిరోధితుడు తన చర్చాపేజీలో మొర పెట్టుకోవచ్చు. సార్వత్రిక నిరోధం స్టీవార్డులు విధించేది. చాలా ఏళ్లపాటు అది ఐపీ అడ్రసులకే పరిమితమై ఉండి, 2024లో ఖాతాలకూ విస్తరించింది. ఇందులో చాలామందికి తెలియని వెసులుబాటు ఒకటుంది: సార్వత్రిక నిరోధాన్ని ఏ వికీ నిర్వాహకుడైనా తన వికీ మటుకు చెల్లకుండా చేయవచ్చు. తెలుగు నిర్వాహకుడు తలుచుకుంటే ప్రపంచమంతటా మూసిన తలుపు తెలుగులో తెరుచుకుంటుంది. పైగా స్టీవార్డుల కచేరీ లాంటి మెటా వికీలో ఈ నిరోధం పనిచేయదు. మొర పెట్టుకోవడానికి ఒక గుమ్మం వదిలారన్నమాట.

మూడోది గ్లోబల్ లాక్. ఇది ఖాతాకు వేసే తాళం. ఇది పడితే లాగిన్ అవడమే కుదరదు. చర్చాపేజీ లేదు, మెటా లేదు, స్థానిక నిర్వాహకుడికి సడలించే వీలూ లేదు. మిగిలేది స్టీవార్డులకు ఈమెయిలు రాసుకోవడమే. నాలుగోది సార్వత్రిక బహిష్కరణ. కనీసం రెండు ప్రాజెక్టుల్లో శాశ్వత నిరోధమో బహిష్కరణో పడ్డ మనిషి మీద మెటా వికీలో బహిరంగంగా చర్చ పెట్టి, సముదాయాలకు కబురు చేసి, ఏకాభిప్రాయం కుదిరాక విధిస్తారు. వీటికి తోడు, వికీలను నడిపే సంస్థ అయిన వికీమీడియా ఫౌండేషన్ నేరుగా విధించే నిషేధాలూ ఉన్నాయి. వాటికి కారణాలు బయటపెట్టరు.

పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విచిత్రం బయటపడుతుంది. బహిష్కరణ అన్న మాట వినడానికి భయంకరంగా ఉన్నా, అందులో విచారణ ఉంది, నోటీసు ఉంది, వాదన ఉంది. లాక్ అన్న మాట మామూలుగా వినబడుతుంది. కానీ ఒక్క స్టీవార్డు, ఒక్క క్షణం, ఒక చిన్న కారణం చాలు. మామూలు మనిషి జీవితంలో ఈ రెంటి ఫలితం ఒకటే: రాయలేడు. ఎక్కువమందికి పడేది రెండోది. వాటిలో అత్యధికం కచ్చితంగా పడాల్సినవే, ప్రకటనలు గుప్పించే ఖాతాలు, బూతులే పేర్లుగా పెట్టుకున్న ఖాతాలు. చర్చంతా ఆ మిగిలిన కొద్దిమంది గురించే.

విలాసానికి పడే శిక్ష

ఐపీ అడ్రసు మనిషి పేరు కాదు, విలాసం. పాత తరహా ఐపీ అడ్రసులు మొత్తం కలిపి సుమారు 430 కోట్లు. ఆసియా పసిఫిక్ ప్రాంతానికి కేటాయించిన నిల్వ 2011 ఏప్రిల్‌లోనే అడుగంటింది. అప్పటి నుంచి మన దేశంలోలాగే చాలా దేశాల్లో ఇంటర్నెట్ కంపెనీలు ఒక్క అడ్రసు వెనక వందల, వేల మందిని కూర్చోబెడుతున్నాయి. బయట నుంచి చూసేవాడికి అంతా ఒక్కడే.

చాల్ అంటే ఉమ్మడి నడవా మీద వరసగా ఖోలీలు, అంటే ఒంటిగది ఇళ్లు, ఉండే భవనం. అందులో బతికినవాళ్లకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు. వర్లీ, నాయ్‌గావ్, డిలైల్ రోడ్డు, శివ్‌డీల్లో బొంబాయి డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ 1920ల్లో కట్టిన బీడీడీ చాళ్లు మొత్తం 207. ఒక్కో చాల్‌లో 80 ఖోలీలు, ఒక్కో ఖోలీ 160 చదరపు అడుగులు. మిల్లుల్లో మగ్గం నడిపిన పద్మశాలీలు, పాలమూరు, నల్లగొండ, కరీంనగర్ నుంచి వలస వచ్చిన కుటుంబాలు ఇలాంటి చాళ్లలో మరాఠీవాళ్ల పక్కన తరాలు గడిపాయి. నడవా ఉమ్మడి, నల్లా ఉమ్మడి, మరుగుదొడ్డి ఉమ్మడి. ఇప్పుడు వైఫై కూడా ఉమ్మడి. ఎవరో ఒకరు కనెక్షన్ పెట్టించుకుంటే పాస్‌వర్డ్ అంతస్తంతా తిరుగుతుంది. ఒక ఖోలీలో కుర్రాడు సినిమా హీరో పేజీలో బూతులు రాస్తే, పక్క ఖోలీలో తన ఊరి చరిత్ర రాసుకుంటున్న పెద్దాయనకూ తలుపు మూసుకుంటుంది.

ఇది చాళ్ల సమస్యేనని అనుకుంటే పొరపాటు. 2006 చివరి రోజున ఇంగ్లీషు వికీపీడియాలో ఒకే ఒక్క ఐపీ అడ్రసును నిరోధించారు. తీరా చూస్తే ఖతర్ దేశం దాదాపు మొత్తం ఆ ఒక్క అడ్రసు నుంచే బయటికి వస్తోంది. దాదాపు ఒక దేశానికి దేశమే కొన్ని గంటలపాటు నిరోధంలో పడింది. ఇప్పుడు వికీ సాఫ్ట్‌వేరు ఒక్క దెబ్బకు అనుమతించే అతిపెద్ద పాత తరహా శ్రేణిలో 65,536 అడ్రసులుంటాయి. ఒక్కో అడ్రసు వెనక ఒక చాల్ ఉందనుకుంటే ఆ మీట బరువెంతో తెలుస్తుంది.

2022లో ఈ గొడవ ఆఫ్రికా నుంచి పెద్దగా వినిపించింది. వికీమీడియా ఫౌండేషన్‌కు ఒకప్పుడు అధ్యక్షురాలిగా ఉన్న ఫ్లోరెన్స్ దెవూఆర్, అక్కడి సముదాయాలతో పనిచేస్తూ, కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లు ఏ తప్పూ చేయకుండానే నిరోధాల్లో పడుతున్న తీరును అందరి ముందూ పెట్టారు. అసలు అడ్రసును దాచే ముసుగు సర్వర్లను అడ్డుకోవడానికి వేసిన పెద్ద శ్రేణి నిరోధాలు మొబైలు కంపెనీల మామూలు వినియోగదారులకు తగిలాయి. శిక్షణ శిబిరంలో ఇరవైమంది కంప్యూటర్ల ముందు కూర్చుంటారు, మొదటి మార్పు చేయబోగానే నిరోధించారని చెప్పే ఎర్ర పెట్టె ప్రత్యక్షమవుతుంది. ఆ ఇరవైమందిలో ఎంతమంది మర్నాడు తిరిగివస్తారు?

విలాసం మీద ముద్ర పడితే ఎలా ఉంటుందో తెలుగువాళ్లకు కంప్యూటర్లు రాకముందే తెలుసు. 1871లో మొదలై తరవాత విస్తరించిన నేరస్త తెగల చట్టం కొన్ని తెగల్లో పుట్టడాన్నే నేరానికి సాక్ష్యంగా తీసుకుంది. ఆ చట్టం నీడలో బాపట్ల దగ్గర వెలిసిన స్టువర్టుపురంలో ఎరుకల కుటుంబాలు హాజరు వేయించుకుంటూ బతికాయి. స్వతంత్రం వచ్చాక చట్టం పోయింది. ఊరి పేరు చెబితే చూసే చూపు పోవడానికి ఇంకా చాలా కాలం పట్టింది. కామాఠీపురదీ అదే బాధ. పద్నాలుగు గల్లీల పేటలో బీడీలు చుట్టినవాళ్లు, ఇళ్లు కట్టినవాళ్లు, బడి పిల్లలు, గుడి కమిటీలు, అందరూ ఉన్నారు. బయటివాళ్లకు ఆ పేరు వినగానే ఒక్క వేశ్యావాటికే గుర్తొస్తుంది. ఐపీ నిరోధాన్ని ఈ చరిత్రతో సమానం చేయడం నా ఉద్దేశం కాదు. వికీలో రాయలేకపోవడం, పోలీసు స్టేషనులో రోజూ సంతకం పెట్టడం ఒకటి కావు. కానీ రెండుచోట్లా పనిచేసే తర్కం ఒకటే: మనిషిని గుర్తుపట్టడం కష్టం, విలాసాన్ని గుర్తుపట్టడం తేలిక.

ముందు ఇల్లు కాపాడుకోవాలి అనేవాళ్లు

మొదటి వర్గం వాదన రక్షణతో మొదలవుతుంది. చిన్న వికీలపై నిఘా పెట్టే స్వచ్ఛంద బృందం, గ్లోబల్ నిర్వాహకులు, స్టీవార్డుల్లో చాలామంది ఈ పక్షం. వాళ్ల మాటల్లో బలం ఉంది. దుశ్చర్య చేసేవాడికి ఒక నిమిషం చాలు. దాన్ని సరిచేసేవాడికి పది నిమిషాలు కావాలి. ఏళ్ల తరబడి పట్టువదలకుండా అడ్రసులు మార్చుకుంటూ వచ్చేవాళ్లున్నారు. కార్యకర్తలను పేరుపెట్టి బెదిరించేవాళ్లున్నారు. అలాంటివాళ్లకు ప్రతి వికీలో విడివిడిగా విచారణ జరపమంటే, ఆ భారమంతా ముగ్గురో నలుగురో నిర్వాహకులున్న చిన్న భాషల మీదే పడుతుంది. సార్వత్రిక నిరోధం లేకపోతే ముందు చితికేది అవే.

ఈ వాదాన్ని ఎదుర్కొనేవాళ్లు తరచు మరిచిపోయే సంగతి ఒకటుంది. స్టీవార్డులకు జీతం లేదు. రాత్రి నిద్ర మానుకుని, తమకు రాని భాషలో ఎవరో చెరిపేసిన పేజీని తిరిగి నిలబెడతారు. తెలుగు వికీలోని పేజీలనూ అలా కాపాడినవాళ్లున్నారు, వాళ్లకు తెలుగు అక్షరం ముక్క రాదు. వాళ్లను నిరంకుశులని పిలవడం అన్యాయం.

అయితే రక్షణ వాదానికి ఒక లోపముంది. అది తనకు తగిలిన దెబ్బలను లెక్కపెట్టుకోగలదు, తను కొట్టిన దెబ్బలను లెక్కపెట్టుకోలేదు. చెడిపోయిన పేజీ చరిత్రలో నమోదవుతుంది. ఎర్ర పెట్టె చూసి ఫోను పక్కన పెట్టేసిన మనిషి ఎక్కడా నమోదు కాడు.

ఎవరి పంచాయితీ వాళ్లదే అనేవాళ్లు

రెండో వర్గం స్వపరిపాలన పక్షం. భాష తెలియనివాడు ఆ భాషలో తప్పేదో దుశ్చర్యేదో తేల్చలేడన్నది వీళ్ల మూలవాదం. ఠ, ట ల గొడవ లాంటివి వీళ్ల సంచిలో బోలెడున్నాయి. చంద్రబిందువు, అరసున్న, వర్గాక్షరాల ఒత్తులు, ఇంటిపేర్ల మాండలిక రూపాలు, ఇవేవీ యంత్రానువాదంలో కనబడవు.

వీళ్లకు మరో ఆయుధం కూడా ఉంది: ఒక వికీలో నేరం మరొక వికీలో నేరం కాకపోవచ్చు. సినిమా పోస్టర్ల సంగతే చూడండి. తెలుగు వికీలో సినిమా వ్యాసానికి పోస్టరును సముచిత వినియోగం కింద స్థానికంగా ఎక్కించవచ్చు. అదే పోస్టరును అన్ని భాషలకూ ఉమ్మడి బొమ్మల గిడ్డంగి అయిన కామన్స్‌లో పెడితే కాపీహక్కుల ఉల్లంఘన. కొత్తగా వచ్చిన తెలుగు వాడుకరి, అభిమానంతో, పది పోస్టర్లు కామన్స్‌లో పెడతాడు. హెచ్చరికలు ఇంగ్లీషులో వస్తాయి. అర్థం కావు, ఇంకో ఐదు పెడతాడు. నిరోధం పడుతుంది. ఆ మచ్చ చూసి ఇంకో వికీలో ఎవరో అనుమానిస్తారు. తెలుగులో బాగా రాస్తున్న మనిషి ప్రపంచం దృష్టిలో ‘పలు ప్రాజెక్టుల్లో సమస్యాత్మకుడు’ అవుతాడు.

స్వపరిపాలనకూ హద్దులున్నాయని క్రొయేషియన్ వికీపీడియా చూపించింది. అక్కడ ఒక చిన్న నిర్వాహక వర్గం ఏళ్ల తరబడి పట్టు బిగించి, తమ రాజకీయాలకు ఎదురు చెప్పినవాళ్లనే నిరోధిస్తూ వచ్చింది. ఫౌండేషన్ చేయించిన అధ్యయనం 2021లో ఆ సంగతులను బయటపెట్టింది. భాష తెలిసినంత మాత్రాన న్యాయం జరుగుతుందని లేదు. ఊరి పంచాయితీ తెలుగులోనే జరుగుతుంది, వెలి వేసేదీ తెలుగులోనే.

పైనుంచి దిగే తీర్పులకూ అంతే పెద్ద ఎదురుదెబ్బ తగిలింది. 2019 జూన్‌లో ఫౌండేషన్ ఇంగ్లీషు వికీపీడియాలో ఒక నిర్వాహకుడిని, కారణాలు చెప్పకుండా, ఏడాదిపాటు నిషేధించింది. నిరసనగా పలువురు నిర్వాహకులు తమ హక్కులు వదులుకున్నారు. చివరికి ఆ వ్యవహారాన్ని సముదాయం ఎన్నుకున్న మధ్యవర్తుల సంఘానికి అప్పగించారు, సెప్టెంబరులో ఆ నిషేధం రద్దయింది. ఆ తరవాత అందరికీ వర్తించే ప్రవర్తనా నియమావళి వచ్చింది. దాని అమలు చూడడానికి ఎన్నికైన సమన్వయ సంఘం 2024లో ఏర్పడింది. దుశ్చర్యల నిరోధాల్లో అది ఎంతవరకు వేలు పెట్టాలన్నది ఇంకా స్థిరపడలేదు.

చెప్పి శిక్షించాలి అనేవాళ్లు

మూడో వర్గానికి ఎవరు శిక్షిస్తున్నారన్నదాని కంటే ఎలా శిక్షిస్తున్నారన్నది ముఖ్యం. శిక్షకు గడువుండాలి, కారణం శిక్ష పడ్డవాడికి అర్థం కావాలి, మొర వినేవాడు శిక్ష వేసినవాడు కాకూడదు. కోర్టు మెట్లెక్కిన ఎవరికైనా ఈ మూడూ పాతమాటలే. స్వచ్ఛంద సముదాయాల్లో ఇవి అంత తేలిక కాకపోవడానికి కారణం మనుషుల కొరత.

పొరుగు సముదాయం ఒకటి ఇక్కడ పనికొచ్చే పాఠం చెబుతుంది. ప్రపంచ పటాన్ని స్వచ్ఛందంగా గీసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో భాషకొక పటం లేదు, అందరిదీ ఒకే పటం. అందుకే అక్కడ నిరోధం ఎప్పుడూ సార్వత్రికమే. కానీ వాళ్లు ‘సున్నా గంటల నిరోధం’ అనే పద్ధతి పెట్టుకున్నారు. తప్పు చేసినవాడు లాగిన్ అయి, తనకు రాసిన సందేశాన్ని తెరిచి చదివితే చాలు, నిరోధం అప్పుడే తొలగిపోతుంది. ఆ శిక్షలో ఉన్నదంతా ‘ఒక్క నిమిషం ఆగి ఈ మాట విను’ అన్నదే. పేట పేరును నాలుగు భాషల్లో మార్చిన ఆ అమ్మాయికి కావలసింది సరిగ్గా అదే. వికీల్లో దీనికి సరిసమానమైనది లేదు. ఈ మొత్తం చర్చలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించే ఆలోచన కూడా ఇదే.

పనిముట్లు మారితే చాలు అనేవాళ్లు

నాలుగో వర్గం సాంకేతికుల పక్షం. గొడ్డలితో చేస్తున్న పనిని కత్తెరతో చేద్దాం అంటారు. మొత్తం వికీ కాకుండా కొన్ని పేజీల్లోనే రాయకుండా ఆపే పాక్షిక నిరోధం వచ్చింది. బూతు మాటలను ముందే పట్టే వడపోతలు వచ్చాయి. నమ్మకమైన వాడుకరికి, తన అడ్రసు నిరోధంలో ఉన్నా రాసుకునే మినహాయింపును స్టీవార్డులు ఇస్తారు. ఈ మినహాయింపు మంచిదే. అయితే దాన్ని అడగాలంటే ముందు అలాంటిదొకటి ఉందని తెలియాలి, మెటాలో ఆ పేజీ ఎక్కడుందో వెతకాలి, ఇంగ్లీషులో రాయాలి, తనను నమ్మడానికి తగినంత పాత పని చూపించాలి. మొదటిరోజే తలుపు మూసుకున్నవాడి దగ్గర ఇవేవీ ఉండవు.

అన్నిటికంటే పెద్ద మార్పు తాత్కాలిక ఖాతాలు. 2024 చివర కొన్ని వికీల్లో మొదలై 2025లో విస్తరించిన ఈ పద్ధతిలో, ఖాతా లేకుండా రాసేవాడి ఐపీ అడ్రసు లోకానికి కనబడదు. బదులుగా సంవత్సరంతో మొదలయ్యే ఒక అంకెల పేరు కనబడుతుంది. ఆ గుర్తింపు ఆ ఫోను బ్రౌజరులో 90 రోజులు నిలుస్తుంది. అర్హతగల కొద్దిమందికే అడ్రసు కనబడుతుంది. దీనివల్ల నిరోధం అడ్రసు నుంచి పరికరం మీదికి జరిగే వీలుంది. అంటే చాల్ మొత్తానికి కాక ఒక ఖోలీకి.

మేలే. కానీ ఒక ఖోలీలో ఎంతమంది ఉంటారు? పొద్దున అమ్మ చేతిలో, మధ్యాహ్నం నానమ్మ చేతిలో, సాయంత్రం చదువుకునే పిల్లల చేతిలో తిరిగే ఒకే ఫోను లక్షల ఇళ్లలో ఉంది. వాళ్లందరికీ కలిపి ఒక్కటే తాత్కాలిక ఖాతా. తమ్ముడి అల్లరికి అక్క రాత ఆగిపోతుంది. మనిషికొక పరికరం ఉంటుందన్న లెక్క మీద కట్టిన పరిష్కారాలు, పరికరానికి నలుగురున్న చోట సగమే పనిచేస్తాయి. సాంకేతికుల చర్చల్లో ఈ సంగతికి దక్కాల్సినంత చోటు దక్కలేదు.

తేలనివి

ఈ నాలుగు వర్గాల్లో ఎవరూ పూర్తిగా జవాబు చెప్పనిది బహుభాషుల సంగతి. సార్వత్రిక వ్యవస్థ మొత్తం, ఒక మనిషికి ఒక ‘సొంత వికీ’ ఉంటుందనీ, ఒకేసారి నాలుగు భాషల్లో తిరిగేవాడిని కాస్త అనుమానంగా చూడాలనీ నేర్చుకుంది. ప్రకటనలు గుప్పించేవాళ్లను పట్టడానికి ఆ లెక్క పనికొచ్చింది. కామాఠీపుర లాంటి చోట మాత్రం అది తలకిందులవుతుంది. 1870ల్లో జోతీరావు ఫూలే సత్యశోధక సమాజానికి బొంబాయిలో అండగా నిలిచిన జాయా కరాడీ లింగు, వ్యంకూ బాళోజీ కాళేవార్ లాంటి కాంట్రాక్టర్లు తెలుగువాళ్లు. ఇంట్లో తెలుగు, ఉద్యమంలో మరాఠీ. ముంబై నగరపాలక సంస్థ బడులు తెలుగుతో కలిపి ఎనిమిది మాధ్యమాల్లో నడిచాయి. తెలుగులో తిని, మరాఠీలో చదివి, హిందీలో బేరమాడి, ఇంగ్లీషులో దరఖాస్తు పెట్టుకునే మనిషికి నాలుగు వికీల్లో ఒకే సాయంత్రం నాలుగు మార్పులు చేయడం సహజం. యంత్రానికి అనుమానంగా కనిపించే నడవడికే ఆ పేట దినచర్య. భాషల మధ్య వంతెన కట్టగలిగింది ఇలాంటివాళ్లే, వలలో పడే అవకాశం ఎక్కువున్నదీ వీళ్లకే.

రెండోది కులం పేజీల తంటా. పద్మశాలి, మున్నూరు కాపు, మాల, మాదిగ లాంటి వ్యాసాల్లో తమవాళ్ల గొప్పలు చేర్చడం, ఎదుటివాళ్లవి చెరపడం అన్ని భాషల్లోనూ ఉంది. ఇంగ్లీషు వికీపీడియాలో దక్షిణాసియా కులాల వ్యాసాలకు ప్రత్యేక ఆంక్షలున్నాయి. అక్కడ కఠినంగా శిక్షపడేది తెలుగులో రచ్చబండలో నచ్చజెప్పుడుతో ముగియవచ్చు, లేదా ఎవరూ చూడకుండానే నిలిచిపోవచ్చు. ఒకే పనికి ఒకచోట శిక్ష, మరొకచోట మౌనం. ఏది న్యాయం అన్నదానికి, రెండుచోట్లా తప్పే జరుగుతూ ఉండవచ్చన్నదే ప్రస్తుతానికి నిజాయితీగల జవాబు.

మూడోది భాష. వికీ సాఫ్ట్‌వేరు మాటలన్నిటినీ ట్రాన్స్‌లేట్‌వికీ అనే చోట స్వచ్ఛంద కార్యకర్తలు ఆయా భాషల్లోకి మారుస్తారు. తెలుగులో ‘చరిత్ర’, ‘చర్చ’ లాంటి మాటలన్నీ అలా వచ్చినవే. నిరోధ సందేశమూ అంతే. ఆ అమ్మాయి ఫోనులో తెరుచుకునే పెట్టె చట్రమంతా తెలుగులో ఉండవచ్చు: నిరోధించారని, ఎప్పటివరకో, ఎవరు విధించారో. మధ్యలో కారణం అన్న చోట మాత్రం స్టీవార్డు రాసిన ఇంగ్లీషు ముక్క అలాగే దిగుతుంది: ‘క్రాస్-వికీ అబ్యూజ్’, లేదా ‘ఓపెన్ ప్రాక్సీ’, లేదా ‘లాంగ్-టర్మ్ అబ్యూజ్’. శిక్ష నాలుగు భాషలు దాటి వచ్చింది, కారణం ఒక్క భాష కూడా దాటలేదు. స్టీవార్డులు మాటిమాటికీ వాడే కారణాలు వేళ్ల మీద లెక్కపెట్టదగ్గవి. వాటిని ఒక్కసారి తెలుగు చేసి పెట్టుకోవడం ఒక పూట పని. మొర ఎలా పెట్టుకోవాలో, తెలుగు నిర్వాహకులు తమ వికీలో సార్వత్రిక నిరోధాన్ని ఎలా సడలించవచ్చో చెప్పే ఒక పేజీ రాయడం ఇంకో పూట పని. ఆ పేజీ లంకె ఎర్ర పెట్టెలో ఎక్కడ పెట్టాలి, దాన్ని ఎవరు కనిపెట్టుకుని ఉండాలి, రాత్రి పదకొండుకు ఒక తెలుగు మొర వస్తే మెటాలో దాన్ని ఎవరు ఇంగ్లీషు చేసి వినిపించాలి అన్న దగ్గర చర్చ ఆగి ఉంది.